ఏడో నంబరు ఎవరు

చంద్రశేఖర్ గారు ఆటల కోసమే పుట్టిన మనిషి. ఏ ఆటకు జిల్లా సంఘం పెట్టాలన్నా వికారాబాద్‌లో అందరికంటే ముందు చేయెత్తేది ఆయనే. ఒక్క కబడ్డీ జోలికి మాత్రం పోరు. కబడ్డీని జనం నిజంగానే ఆడతారు, అదీ దాంతో వచ్చిన చిక్కు. ఎవరూ ఆడని ఆటకైతే పోటీ ఉండదు, పేచీ ఉండదు, సర్టిఫికెట్ మాత్రం మిగతా సర్టిఫికెట్లంత పొడుగూ వెడల్పూ ఉంటుంది. క్రీడాకారుల కోటా కింద ఉద్యోగాలిచ్చే చోట కాగితం మీద ముద్ర చూస్తారు గానీ, ఏదీ ఒకసారి ఆడి చూపించమ్మా అని ఎవరూ అడగరు కదా.

అట్లా మూడేళ్ల కింద ఆయన మహిళల అమెరికన్ ఫుట్‌బాల్ సంఘానికి జిల్లా కార్యదర్శి అయ్యారు. అదే ఏడు ఆయన కూతురు బిందు డిగ్రీలో చేరింది. ఈ రెండింటికీ సంబంధం ఉందనుకునేవాళ్లు ఓర్వలేనివాళ్లు. మహిళా సాధికారత అన్న మాట ఆయన నోటివెంట వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి గుండెమీదికి దానంతటదే పోయేది.

ఆయన అంచనా తప్పింది ఒక్కచోటే. తాండూరులో పద్మారాణి అనే పీఈటీ ఉన్నదనీ, సంఘం పెట్టారు కాబట్టి ఆట ఆడాలేమో అని నమ్మేంత అమాయకురాలనీ ఆయనకు తెలియదు. ఆమె ఎక్కడో పది రోజుల శిబిరానికి పోయి, రెండు కొసలూ మొనదేలిన తోలు బంతి ఒకటీ, అట్ట ఊడిన రూల్స్ పుస్తకం ఒకటీ పట్టుకొచ్చింది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో బండలు పేర్చే ఆడవాళ్లనూ, చదువు అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్లలనూ పోగుచేసి జట్టు కట్టింది. వాళ్లలో అంబిక ఒకతె. యాలాల్ దగ్గరి పల్లె, గొర్లు కాసే నర్సప్ప బిడ్డ. ఇరవై ఒక్కేళ్లు. పొద్దున బండలు పేర్చేది, సాయంత్రం బంతి పట్టుకుని ఉరికేది.

ఆటంటే ఇంతే. బంతిని చంకలో ఇరికించుకుని అవతలి గీత దాకా ఉరకాలి. అవతలివాళ్లు మీదపడి కింద పడేస్తారు. పేరేమో ఫుట్‌బాల్, కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. ఇంత చిన్న ఆటకు అన్ని రూల్స్ ఎందుకో పద్మారాణికి కూడా పూర్తిగా తెలియదు, కానీ తెలిసినట్టే చెప్పేది.

ఆడటానికి జాగా దొరకడం ఇంకో కథ. స్కూలు గ్రౌండు క్రికెట్ పిల్లల తాతల సొత్తు, ఆడవాళ్లు అటు పోతే వాళ్ల ఏకాగ్రత చెడిపోతుందట. చివరికి యాలాల్ బాటన కంది కోసేసిన చేను ఒకటి ఖాళీగా కనిపించింది. ఆ రైతు ఒక షరతు పెట్టాడు. ఏటా పంట కోశాక నర్సప్ప మందను పదిహేను రోజులు ఆ చేన్లో ఆపితే, ఎరువు పడుతుంది కాబట్టి, వానలు పడేదాకా ఆడుకోవచ్చునన్నాడు. నర్సప్ప రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు మందను తోలుకొచ్చి ఆ చేన్లోనే ఆపాడు. ఎందుకని అంబిక అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఇంట్లో ప్రేమలు అట్లాగే నడుస్తాయి. ఆ తర్వాత ప్రపంచంలో గొర్రె పెంటికల మీద ఆడే ఒకే ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అదే అయింది. కింద పడితే దెబ్బ తగిలేది కాదు, వాసన మాత్రం సబ్బుకు లొంగేది కాదు.

అసలు సమస్య వాసన కాదు. మొదటిరోజే బయటపడింది. ఒకరి మీద ఒకరు పడే ఆటలో ఒకరి కాలు ఇంకొకరికి తగలకుండా ఎట్లా ఉంటుంది? తగిలింది. తగలగానే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేసినట్టే, అందరూ వంగి తాకి కళ్లకద్దుకున్నారు. అవతలామె ఫరవాలేదు లేమ్మంటూ ఈమెకు తిరిగి మొక్కింది. బంతి ఒక పక్కన అనాథలా దొర్లుతుంటే పద్నాలుగు మంది ఆడవాళ్లు ఒకరికొకరు మొక్కుకుంటూ నిలబడ్డారు. పది నిమిషాల ఆట గంటన్నర సాగింది. దూరం నుంచి చూసినవాళ్లు ఏదో వ్రతం అనుకున్నారు.

మొక్కినవాళ్లు చేను చుట్టూ రెండు రౌండ్లు ఉరకాలని పద్మారాణి శిక్ష పెట్టింది. వారంలో చాలామంది మానుకున్నారు. అంబిక ఒక్కతే మానలేకపోయింది. ఆమె చెయ్యి ఆమె మాట వినేది కాదు. రోజుకు ఇరవై రౌండ్లు ఉరికేది. దానివల్ల జట్టులో అందరికంటే వేగంగా ఉరకడం అలవాటయింది, అది వేరే సంగతి.

"కాలు తాకినంక మొక్కకుంటె ఎట్ల మేడం? మనసున పట్టది," అంది ఒకనాడు రొప్పుతూ.

పద్మారాణికి మండిపోయింది. ఈ మొక్కుడే నిన్ను ముంచుతది అని అరిచి, కోపంగా ముందుకు అడుగేసింది. ఆ అడుగు కింద పడివున్న రూల్స్ పుస్తకం మీద పడింది. మరుక్షణం ఆమె వంగడం, పుస్తకాన్ని తాకడం, కళ్లకద్దుకోవడం అన్నీ అయిపోయాయి. జట్టంతా ఆమె వంకే చూస్తోంది. జట్టులో పెద్దది ఈశ్వరమ్మ, ఇద్దరు పిల్లల తల్లి, గొంతు సవరించుకుని చేను గట్టు వైపు చూపించింది. పద్మారాణి మారుమాట్లాడకుండా రెండు రౌండ్లు ఉరికి వచ్చింది. ఆ తర్వాత కూడా శిక్ష మారలేదు గానీ తిట్లు తగ్గాయి.

ఈ ఏడు వేసవిలో కబురొచ్చింది. వికారాబాద్‌లో తాండూరు జట్టుకూ వికారాబాద్ జట్టుకూ ఆదివారం ఆట. రాష్ట్రం నుంచి ఒకామె వచ్చి చూసి, జిల్లా మొత్తానికి ఒక్కర్ని, ఒకే ఒక్కర్ని, రాష్ట్ర శిబిరానికి ఎంచుకుంటుంది. ఆ ఒక్కరు ఎవరో తాండూరు జట్టులో ఎవరికీ సందేహం లేదు. అంబికకే కొంచెం ఉండేది, అదీ పైకి మర్యాద కోసం.

శనివారం చంద్రశేఖర్ గారు పద్మారాణినీ అంబికనూ పిలిపించారు. ఇద్దరూ పాసింజర్ రైల్లో వికారాబాద్ పోయారు. ఆయన చాయ్ తెప్పించారు, బిస్కెట్లు కూడా తెప్పించారు. అప్పుడే పద్మారాణికి అనుమానం వచ్చింది. అంబిక దరఖాస్తు ఎట్లనో తప్పిపోయిందట. జాబితా పైకి వెళ్లిపోయిందట, ఇక దేవుడు దిగొచ్చినా మారదట. ఆయనకు ఎంత బాధగా ఉందో ఆయనకే తెలుసట. అయితే బాధలోనే ఒక దారి కూడా దొరికిందట. బిందుకు మణికట్టు బెణికింది. బిందు పేరేమో జాబితాలో ఉంది. వికారాబాద్ జట్టు, ఏడో నంబరు చొక్కా.

"హెల్మెట్ పెట్టినంక ఎవరు ఎవరో ఎవరికి ఎరిక?" అన్నారాయన మెత్తగా. "నీకు ఆడుడు కావాలె. ఆడు బిడ్డా, మస్తుగ ఆడు. వచ్చే ఏడు జాబితాల ఫస్టు నీ పేరే."

కాదంటే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. తాండూరు జట్టుకు ఇచ్చిన తొమ్మిది పాత హెల్మెట్లను సంఘం గదిలో భద్రపరచాలనే ఆలోచన ఉందని మాత్రం, మాటల సందర్భంలో అన్నట్టు, అన్నారు. హెల్మెట్లు లేకుండా ఈ ఆట ఆడనివ్వరు. పద్మారాణి చాయ్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది. అంబిక ఒప్పుకుంది. హెల్మెట్ల కోసం ఒప్పుకున్నానని తనకు తాను చెప్పుకుంది. అందులో సగం అబద్ధం. మూడేళ్లుగా పెంటికల్లో ఆడి ఆడి, ఒక్కసారైనా సున్నపు గీతలున్న అసలు గ్రౌండులో ఆడాలని ఆమెకు ఆకలిలాంటి కోరిక ఉండేది.

ఆదివారం పొద్దున గ్రౌండులో షామియానా, కుర్చీలు, మైకు. పెళ్లికి తక్కువ లేదు. షామియానా కింద రాష్ట్రం నుంచి వచ్చిన కరుణ కూర్చుంది. నలభై దగ్గర పడ్డ మనిషి, కుడి మోకాలికి పట్టీ, ఒళ్లో నోటుబుక్కు. దండ వెయ్యబోతే వద్దంది. అది చూసి చంద్రశేఖర్ గారు కొంచెం కంగారు పడ్డారు. దండ వద్దనేవాళ్లతో ఆయనకు అలవాటు లేదు. అసలు బిందు పక్కనున్న స్కూలు క్లాసురూములో తలుపేసుకుని, ఏడో నంబరు చొక్కా ఇంకోటి వేసుకుని కూర్చుంది. పాపం ఆ పిల్లకు ఈ ఆట ఎన్ని నిమిషాలు ఆడతారో కూడా తెలియదు.

జట్టుకు ఏడుగురు. అంబిక తన జట్టు మీదికే ఉరకాల్సి వచ్చింది. మొదటిసారి బంతి అందుకుని ఉరికితే ఈశ్వరమ్మ ఆమె నడుము పట్టుకుని కింద పడేసింది. లేస్తుంటే అంబిక బూటు ఈశ్వరమ్మ భుజానికి తగిలింది. ఇంకేముంది, చెయ్యి దానంతటదే పోయి భుజాన్ని తాకింది, కళ్లకద్దుకోబోయి హెల్మెట్ ముందరి ఇనుప చువ్వలకు కొట్టుకుంది. ఈశ్వరమ్మ అట్లాగే మట్టిలో పడుకుని ఆ చువ్వల్లోకి చూసింది.

"నువ్వానే, పిల్లా?"

ఈశ్వరమ్మ లేచి, చొక్కా దులుపుకుని, తన జట్టు వైపు నడిచింది. రెండు నిమిషాల్లో తాండూరు జట్టు మొత్తానికి సంగతి తెలిసిపోయింది. ఎవరూ నోరు విప్పలేదు. కాకపోతే ఆ తర్వాత మీదపడే దెబ్బలు కొంచెం గట్టిగానే పడ్డాయి. ఆ కోపం న్యాయమైనదేనని అంబిక ఒప్పుకుంది.

ఒప్పుకుని, వాళ్లను దాటి ఉరికింది. గీత దాటింది. వికారాబాద్ మొత్తం వినేటట్టు మైకులో చంద్రశేఖర్ గారి గొంతు మోగింది. "బిందు! మన జిల్లా ముద్దుబిడ్డ బిందు!" అంబికకు ఒళ్లు మండిపోయింది. రెండోసారి గీత దాటింది. మళ్లీ బిందు. ఉరికేది తన కాళ్లు, ఎగిరేది తన ఊపిరి, ఊరంతా మోగేది ఇంకొకరి పేరు. పేరుదేముంది అని నిన్న అనుకుంది. పేరుకు ఇంత బరువుంటుందని నాపరాళ్లు మోసే పిల్లకు కూడా తెలియలేదు.

మూడోసారి బంతి పట్టుకుని గ్రౌండు అంచున ఉరుకుతుంటే పక్కనుంచి ఎవరో గుద్దారు. అంబిక జనం లోపలికి రాకుండా కట్టిన తాడు కిందుగా జారి, చూసేవాళ్ల మధ్యకు పోయి పడింది. ఆమె కాలు ఒక ముసలాయన మోకాలికి తగిలింది. వంగి మోకాలు తాకింది, చెయ్యి చువ్వలకు కొట్టుకుంది, తలెత్తింది. భుజాన గొంగడి, చేతిలో కట్టె, పక్కన స్టీలు టిఫిను డబ్బా. నర్సప్ప.

మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆట చూడటానికి రాని మనిషి. మందను భార్య బుగ్గమ్మకు అప్పజెప్పి, ఎవరెవరినో అడుగుతూ రైలెక్కి, ఇంత దూరం వచ్చాడు. తాండూరు జట్టులో తన బిడ్డ ఉంటుందని వచ్చాడు.

"సల్లగుండు బిడ్డా," అన్నాడు నర్సప్ప. చువ్వల్లోకి ఒకసారి చూసి, మళ్లీ గ్రౌండు వైపు చూపు తిప్పాడు. "మా అంబిక గూడ ఆడతదన్నరు. పొద్దటిసంది చూస్తున్న, కనవడ్తలేదు. ఏడున్నదో నీకేమన్న ఎరికేనా?"

అంబిక తల అడ్డంగా ఊపి, బంతి ఏరుకుని, లోపలికి ఉరికింది. హెల్మెట్లో ఏడ్చినా ఎవరికీ కనిపించదు, ఆ వస్తువు వల్ల ఉన్న లాభాల్లో అదొకటి. నాయినకు అబద్ధం చెప్పడం ఆమె జీవితంలో అదే మొదటిసారి, అదీ నోరు తెరవకుండా చెప్పింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మిగిలిన ఆటలో ఏం చేసిందో ఆమెకు గుర్తు లేదు. గీత ఇంకోసారి దాటిందని మైకు చెప్తే తెలిసింది.

ఆట ముగిసింది. వికారాబాద్ గెలిచింది. మార్పిడి చకచకా జరిగింది. అంబిక క్లాసురూములోకి పోయి చొక్కా, హెల్మెట్ వదిలి, తన పాత టీషర్టు వేసుకుని వెనక తలుపున బయటికొచ్చింది. ముందు తలుపున బిందు బయటికొచ్చింది. తండ్రి సలహా మేరకు చెంపలకు కాస్త మట్టి రాసుకుంది, రెండు చెంపలకూ సమానంగా. అప్పుడే గుద్దులు తిన్న పిల్లలా నడవమన్నారు గానీ, ఆ పిల్లకు నడవడమే కష్టమైంది.

షామియానా ముందు అందరూ గుమికూడారు. చంద్రశేఖర్ గారు మైకు పట్టుకునే ఉన్నారు, ఎంపిక ప్రకటన కోసం. కరుణ నోటుబుక్కు తెరిచి, ఏడో నంబరును దగ్గరికి పిలిచింది. బాగా ఆడావంది. పట్టీ కట్టిన కాలు నొప్పిగా ఉందన్నట్టు ముందుకు చాచుకుంది. దగ్గరికొచ్చిన బిందు బూటు ఆ కాలికి తగిలింది.

"సారీ మేడం," అంది బిందు చటుక్కున.

కరుణ కాలు వెనక్కి తీసుకుంది. చేతిలోని పెన్నుకు మూత పెట్టేసింది.

"నాదీ ఈ జిల్లానే, పూడూరు," అంది నెమ్మదిగా, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో. "కాలు తాకితె మొక్కుడు నాక్కూడ ఉండె. మాన్పనీకి మా కోచ్‌కు రెండేండ్లు పట్టింది. ఇందాక ఏడో నంబరు తొమ్మిదిసార్లు మొక్కింది, రాసి పెట్టుకున్న. గా మొక్కిన పిల్ల ఏది?"

చంద్రశేఖర్ గారు వినయంగా ముందుకు వంగి, ఆటలో ఉత్సాహం వేరు, బయట సంస్కారం వేరు అని వివరించబోయారు. వివరణ బాగానే మొదలైంది గానీ ఎటు పోవాలో దానికే తెలియలేదు. ఈశ్వరమ్మ అంబిక వంక చూసింది. పద్మారాణి నేల వంక చూసింది. బిందు చెంపల మీది మట్టి మీదుగా కన్నీళ్లు చారలు కట్టాయి. ఆ పిల్ల మొహంలో బాధ కంటే ఎక్కువగా, హమ్మయ్య అన్న భావం ఉంది.

అంబిక గేటు వైపు చూసింది. నర్సప్ప గొంగడి సర్దుకుని, మూత తీయని టిఫిను డబ్బా పట్టుకుని, నెమ్మదిగా బయటికి నడుస్తున్నాడు.

తొమ్మిది హెల్మెట్లు గుర్తొచ్చాయి. వచ్చే ఏడు ఫస్టు పేరు గుర్తొచ్చింది. ఆమె గుంపును తోసుకుని ముందుకొచ్చింది.

"నేనే," అంది. "ఏడో నంబరు నేనే ఆడిన. నా పేరు అంబిక. యాలాల్ దిక్కు, గొర్ల నర్సప్ప బిడ్డను."

చంద్రశేఖర్ గారు కంగారులో మైకు ఆపడం మరిచిపోయారు. ఆ మాట గ్రౌండంతా, పొద్దుటి నుంచీ బిందు పేరు మోగిన ప్రతి మూలా మోగింది. గేటు దగ్గర నర్సప్ప ఆగాడు.

కరుణ మెచ్చుకోలేదు. ఇంకొకరి పేరుతో ఆడటం తప్పు, ఆ తప్పు నీది కూడా, అది నివేదికలో రాస్తానంది. రాసింది. తర్వాత కొత్త దరఖాస్తు ఒకటి తీసి, నీ పేరు నీ చేత్తో నింపమని అంబికకే ఇచ్చింది. శిబిరంలో మాత్రం మొక్కితే రెండు రౌండ్లు కాదు, పది ఉంటాయని చెప్పింది.

ఇక హెల్మెట్లు పోయినట్టేనని పద్మారాణి వాటిని మూటకట్టడం మొదలుపెట్టింది. ఆమెకు చంద్రశేఖర్ గారి గొప్పతనం ఇంకా పూర్తిగా తెలియదు. ఫొటో తీసేవాళ్లు అంబిక వైపు తిరగడం చూసి ఆయన రెండు క్షణాలు ఆలోచించారు. మూడో క్షణానికి కుడిచెయ్యి గుండెమీదికి చేరింది. పెంటికల్లోంచి ఈ మాణిక్యాన్ని ఏరి తీసింది తమ సంఘమేనని, ఆ పిల్ల సత్తా పదిమందికీ తెలియాలనే ఈ చిన్న నాటకం ఆడామని మైకులో చెప్పి, అంబిక పక్కన నిలబడి ఫొటో దిగారు. తాండూరు జట్టుకు హెల్మెట్లు శాశ్వతంగా ఇచ్చేస్తున్నట్టు కూడా ప్రకటించారు. మాట వెనక్కి తీసుకోలేకుండా ఈశ్వరమ్మ గట్టిగా చప్పట్లు కొట్టించింది.

అంబిక గేటు దగ్గరికి పోయేసరికి నర్సప్ప గోడ నీడన కూర్చుని టిఫిను డబ్బా మూత తీస్తున్నాడు. జొన్నరొట్టెలు, పచ్చి పులుసు. ఆమె ఎదురుగా కూలబడింది.

"నాయినా, ఇందాక నువ్వు అడిగినప్పుడు..." అని ఆగిపోయింది. "నీకు తెల్వదు గదా, గందుకని..."

నర్సప్ప రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టాడు.

"మోకాలు ముట్టినప్పుడే ఎరికయింది బిడ్డా," అన్నాడు. "అడిగితె నీ పేరు చెప్తవేమో అని అడిగిన."